లేచిన మూడు చేతులు

మొన్న సాయంత్రం హిందూపురంలో మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని వార్తలు వింటుంటే, ఎక్కడో సముద్రాల అవతల ఒక దేశపు అధ్యక్షుడు, రెండు దఫాలకు మించి ఎవరూ ఆ కుర్చీలో ఉండకూడదన్న నిబంధనను తానే తీయించేసి మూడోసారి ప్రమాణం చేశాడని, అతన్ని గుర్తించాలా వద్దా అని ప్రజాస్వామ్య దేశాలన్నీ తర్జనభర్జన పడుతున్నాయని చెప్పారు. నలుగురు పెద్దమనుషులు కూర్చుని వాదించుకున్నారు. ఒకాయన, అక్కడి జనమే ఒప్పుకున్నాక మధ్యలో మనమెవరమన్నాడు. ఇంకొకాయన, గుర్తించకపోతే వ్యాపారం ఆగిపోయి నష్టపోయేది ఆ దేశంలోని బీదాబిక్కే అన్నాడు. ఈ రెండు మాటలనూ ఒకప్పుడు నా చేత్తో, నా పెన్నుతో, ప్రభుత్వ కాగితం మీద రాసినవాణ్ణి నేను. ఇక కూర్చోబుద్ధి కాలేదు. వరండాలోకి పోయాను, వచ్చాను, టీవీ కట్టేశాను, మళ్లీ పెట్టాను. కాలుగాలిన పిల్లి మాదిరి ఎందుకు తిరుగుతాండారని మా ఆవిడ అడిగితే, ఏమీ లేదులే అని కసురుకున్నాను. ఏమీ లేనప్పుడు మనిషి అంత గట్టిగా కసురుకోడని ఆవిడకు తెలుసు.

నా ఈడువాళ్లకు జ్ఞాపకం ఉంటుంది, ఆ రోజుల్లో ధర్మవరం వీధుల్లో నడుస్తుంటే ప్రతి గడపలోనుంచీ మగ్గం చప్పుడు వినిపించేది. అమావాస్య నాడు మాత్రం మగ్గాలన్నీ ఆపేసి, కడిగి, పసుపు కుంకాలు పెట్టేవాళ్లు. ఆ రోజు వీధి ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, పక్కింట్లో పోపు వేసిన శబ్దం కూడా మన ఇంట్లోకి వచ్చేది. నేతపనివాళ్ల సంఘం మీటింగులన్నీ ఆ అమావాస్యల్లోనే. మా సంఘానికి అధ్యక్షుడు మా మేనమామ. మా వాళ్లు రేషం అనే పట్టునూలును సంఘమే తెప్పించి ఇంటింటికీ పంచేది, నేసిన చీరలను సంఘమే తీసుకునేది, కాబట్టి అధ్యక్షుడి సంతకం లేనిదే ఏ ఇంట్లోనూ మగ్గం ఆడేది కాదు.

మా మామ మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పాలి, లేకపోతే నా కథ సులువైపోతుంది. నూలు సరిగ్గా లేదని తెలిస్తే తనే పోయి తగవు పెట్టుకుని మార్చుకుని వచ్చేవాడు. ఎవరింట్లో కాన్పయినా, ఎవరు మంచాన పడినా, చీర ఆలస్యమైందని ఒక్క మాట అనేవాడు కాదు. ఎవరూ రెండు దఫాలకు మించి అధ్యక్షుడిగా ఉండరాదన్న నియమాన్ని, తను పడుచువాడుగా ఉన్న కాలంలో, కుర్చీకి అతుక్కుపోయిన ఒక ముసలాయన్ను దించడానికి పట్టుబట్టి రాయించింది కూడా ఆయనే. తన రెండో దఫా ముగియవచ్చే సమయానికి ఆ నియమం ఎందుకో ఆయనకే ఇరుకైంది.

నియమం మార్చాలంటే సభ్యులు తీర్మానించాలి, ఇలాంటి సంఘాల వ్యవహారాలు చూసే పెనుకొండ ఆఫీసు దాన్ని గుర్తించాలి. ఆ ఆఫీసులో నేను కొత్తగా చేరిన గుమాస్తాను. కొండకింద ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దున్నే బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జీ తిని, ఇస్త్రీ చొక్కా నలగకుండా నడిచి ఆఫీసుకు పోయి, నా అంతటివాడు లేడనుకుంటూ ఫైళ్లు విప్పుకునేవాణ్ణి. మీ ఊరే కదా, మీటింగు చూసి వచ్చి నోటు రాయి, నువ్వు ఏది రాస్తే దాని కిందే సంతకం పెడతానన్నాడు మా పై అధికారి. మేనల్లుణ్ణి మేనమామ మీటింగుకు పంపడం తప్పని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. పైగా నాకు అది పెద్ద గౌరవంగా కనిపించింది.

మా సంఘంలో ఒక అలవాటు ఉండేది. దేనికైనా ఒప్పుకున్నవాళ్లను చేయెత్తమని అడిగేవాళ్లు కాదు, వద్దన్నవాళ్లనే ఎత్తమనేవాళ్లు. కలుపుగోలుగా ఉన్న కాలంలో, చీర అంచుకు ఏ రంగు వేయాలన్నంత చిన్న విషయాలకు పుట్టిన అలవాటది. ఆ అమావాస్య నాడు కూడా మామ తీర్మానం చదివించి, చేతులు కట్టుకుని, నవ్వుతూ, “ఒద్దనేవాళ్లు చెయ్యెత్తండప్పా” అన్నాడు. రేపు పొద్దున నూలు ఇవ్వవలసిన మనిషి ఎదురుగా నిలబడి అడిగితే ఎవరెత్తుతారు? అందరూ చాప వైపు చూస్తున్నారు. వెనక వరుసలో మా అక్క మొగుడు, మా బావ, చేయెత్తాడు. ఆయనకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు ఆయన్ను చూసి మెల్లగా ఎత్తారు. మామ లెక్కపెట్టాడు. “మూడే గదప్పా” అన్నాడు, అప్పుడూ నవ్వుతూనే.

మధ్యాహ్నం మామ ఇంట్లో భోజనం, ఓళిగలు, అదే బొబ్బట్లు, నెయ్యి. తీర్మానం గురించి ఆయన ఒక్క మాట ఎత్తలేదు, అదీ ఆయన పెద్దరికం. రైలుకు పోయేటప్పుడు బావ స్టేషన్ దాకా వచ్చాడు. మామంటే బావకు కోపం లేదు. మంచివాడే అయినా దిగడం నేర్చుకోవాలని మాత్రం అన్నాడు. రైలు కూత వినబడ్డాక, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, “మామ దిగకపోయినా పర్వాలేదబ్బా. మూడు చేతులు లేసినాయని మాత్రం రాయి. అంతే సాలు” అన్నాడు. అట్లే బావా అన్నాను. అన్నప్పుడు అబద్ధం కాదది.

మరునాడు ఆఫీసులో కూర్చుని రాయబోతే తెలిసింది, కాదన్నవాళ్లున్నారని రాస్తే ఆ ముగ్గురినీ పిలిపించి విచారించాలట, ఆ విచారణ నెలల తరబడి సాగుతుందట, ఈలోపు దఫా ముగుస్తుంది కాబట్టి అంతవరకూ మామ సంతకం చెల్లదు, నూలు రాదు, ధర్మవరంలో అన్ని ఇళ్లలోనూ మగ్గాలు ఆగుతాయి. మా అక్క మగ్గం కూడా ఆగుతుంది. అలా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. లోపల ఇంకొకటి కూడా ఉండేది, దాచడమెందుకు, మామ మొహం ఎట్లా చూసేదన్న భయం. సభ్యులే కోరుకున్నారని, గుర్తించకుంటే బీదవాళ్లకే నష్టమని రెండు వాక్యాలు రాసి, మూడో వాక్యంలో తీర్మానం ఏకగ్రీవమని రాశాను. నా దస్తూరి ముత్యాల్లా ఉందని ఆ రోజు మా అధికారి మెచ్చుకున్నాడు కూడా.

ఆ ఉత్తర్వు నకలును సంఘం గోడకు అంటించారట. బావ దాని ముందు నిలబడి, మొదటినుంచి చివరిదాకా చదివి ఇంటికి పోయాడని అక్క చెప్పింది. ఆ తర్వాత మామ ఆ ముగ్గురికీ నూలు ఆపలేదు. అందరికీ ఇచ్చాక ఇచ్చేవాడు, అంతే. చివర మిగిలేది మాటిమాటికీ తెగిపోయే నూలు. తెగిన పోగు పోగూ అతుకుతూ మా అక్క పగళ్లన్నీ మగ్గం పక్కనే కూర్చునేది, అమావాస్యలు కూడా లేకుండా. కొన్నాళ్లకు బావ మగ్గం తీసేసి వేరేవాళ్ల దగ్గర కూలికి నేయడానికి పోయాడు. మామ మూడో దఫా చేశాడు, నాలుగో దఫా చేశాడు, పోయేదాకా చేశాడు. ఆ తర్వాతి దఫాలకు నేను నోటు రాయవలసిన పని కూడా లేకపోయింది. నాది చూసి రాసుకునేవాళ్లు.

బావ నన్ను ఒక్కనాడూ నిలదీయలేదు. ఇంటికి పోతే పీట వేసేవాడు, పిల్లల చదువులు అడిగేవాడు, ఆ విషయం మాత్రం ఇద్దరం తొక్కకుండా దాటుకుని పోయేవాళ్లం. అట్లా దాటుతూ దాటుతూ ముసలివాళ్లమైపోయాం.

టీవీలో ఆ వార్త విన్న మరునాడు పొద్దున్నే రైలెక్కి ధర్మవరం పోయాను. ఈ వయసులోనైనా తప్పు ఒప్పుకుందామని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను, పెనుకొండ స్టేషన్ వచ్చినప్పుడు కిటికీ వైపు చూడబుద్ధి కాలేదు. బావకు ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది. అక్క కాఫీ తెచ్చి మా పక్కనే కూర్చుంది. నేను గొంతు సవరించుకుని, బావా, ఆ మీటింగు నాడు, అని మొదలుపెట్టానో లేదో, ఆయనే నా చేయి పట్టుకున్నాడు.

“నిన్నే అడుగుదామనుకుంటాండా. ఆ పొద్దు నేను చెయ్యి ఎత్తినానా అబ్బా?”

ఆయన నిదానంగా చెప్పుకొచ్చాడు. మిగతా ఇద్దరూ ఎప్పుడో పోయారు, పోకముందే మేము ఎత్తనేలేదని నలుగురిలో చెప్పుకున్నారు. ఊళ్లో ఎవరినడిగినా ఆ రోజు అందరూ ఒక్కమాట మీద ఉన్నారంటారు. కాగితంలో కూడా అట్లే ఉంది. “నాకేమో ఎత్తినట్టే గురుతుండాది. కానీ ఇందరు లేదంటే నాకే నమ్మకం పోతాండాది. నువ్వు ఆడ్నే ఉండావు గదా. సూసినావు గదా.”

చూశాను బావా, ఎత్తావు, అందరికన్నా ముందు నువ్వే ఎత్తావు అన్నాను. క్షమించమని అడగడానికి పోయినవాణ్ణి సాక్షినై కూర్చున్నాను. ఆయన అక్క వైపు తిరిగి, “ఇనినావా” అన్నాడు. అక్క తల వంచుకుని లోటాలో కాఫీ తిరగపోస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు కాలం మారింది. చిన్న మీటింగయినా పది ఫోన్లు పైకి లేస్తాయి, ఏ చేయి లేచిందో ఏది లేవలేదో దాచడం ఎవరి తరమూ కాదు. బావ కాలంలో అది దాచడానికి ఒక గుమాస్తా చాలు. అయినా నాకు నెమ్మది లేదు. గుర్తించాలా వద్దా అని ఆ పెద్దమనుషులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఏం చేయాలో చెప్పేంత తెలివి నాకు లేదు, మంచివాణ్ణి ఉంచాలన్న ఆశ నాకూ తెలిసిందే. ఆ దేశంలో కూడా ఏదో వెనక వరుసలో కొందరు చేయెత్తి ఉంటారు. వాళ్లు ముసలివాళ్లయి, ఎత్తానా అని తమను తామే ప్రశ్నించుకునే లోపల, చూసినవాళ్లెవరైనా ఆ మాట రాసిపెడితే బాగుండును. నేను చెప్పగలిగాను గానీ, చెప్పేసరికి ఆ గదిలో వినడానికి బావ కాక మా అక్క ఒక్కతే మిగిలింది.