నక్కలగుండు దగ్గర ఆగిన చుక్క

మా ఆయనకు షుగరు. అది పెరిగితే డాక్టరు తిడతాడు, ఈయన తలూపుతాడు, నాలుగు రోజులు చక్కెర లేని టీ తాగుతాడు. అది ఉన్నట్టుండి పడిపోతేనే నా ప్రాణం మీదికి వస్తుంది. ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, ఉన్నచోటనే కూలిపోతాడు. చేసే పనేమో సోలార్ పార్కులో సొంత ట్రాక్టరు తోలడం. వెనక నీళ్ల ట్యాంకరు తగిలించుకుని, సోలార్ ప్లేట్ల వరసల మధ్య తిరుగుతూ వాటి మీది దుమ్ము కడుగుతాడు. కన్నడ సీమలోని మా తెలుగు ఊరు రాయచెర్లులో ఎటు చూసినా ఆ ప్లేట్లే. వాటి మధ్య మనిషి పడితే పక్క వరసలో ఉన్నవాడికి కూడా తెలియదు.

పోయిన ఎండాకాలం అదే జరిగింది. పైపు చేతిలో ఉండగానే పడిపోయాడు. నీళ్లు కారి కారి పల్లానికి పారి, అవతల ప్లేట్ల కింది గడ్డి కోస్తున్న ఆడవాళ్ల కాళ్లు తడిపాయి. ఇవెక్కడి నీళ్లని వెతుక్కుంటూ వచ్చి చూశారు. వాళ్లలో మా తోడికోడలు, అంటే ఆయన అన్న భార్య, ఉండబట్టి సరిపోయింది. నోట్లో బెల్లం పెట్టి బతికించింది. ట్యాంకరులో నీళ్లు అయిపోయి ఉంటే వాళ్లు అటు వచ్చేవాళ్లే కాదు.

పని మానమంటే మానడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందుకని ట్రాక్టరుకు జీపీఎస్ పెట్టిద్దామని నేనే పట్టుబట్టాను. ఇద్దరం వై.ఎన్.హొసకోటలో సెల్‌ఫోన్ల అంగడికి వెళ్లాం. అంగడతను రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి అయస్కాంతంతో అతుక్కునేది, దాన్ని ఊడదీసి ఛార్జింగు పెట్టుకుంటూ ఉండాలి. రెండోదానికి బండి బ్యాటరీ నుంచే వైర్లు ఇస్తారు, దాని పాటికి అది పనిచేసుకుంటుంది. లోపల సిమ్ము ఉంటుందట, నా ఫోన్లో పటం మీద నీలం చుక్క కనబడుతుందట. మాత్ర వేసుకోవడమే మరిచిపోయే మనిషి దీనికి ఛార్జింగు పెడతాడా? వైర్లదే ఇమ్మన్నాను. ఓనర్లు డ్రైవర్ల మీద కన్నేసేందుకు పెట్టించడం చూశాను గాని, పెళ్లాం మొగుడికి పెట్టించడం ఇదే చూడడమని అంగడతను నవ్వాడు. మా ఆయన నవ్వలేదు.

నీళ్ల బండి కదా, తడవకూడదని మెకానిక్ దాన్ని మొదట సీటు కింది ఇనుప పెట్టెలో బిగించాడు. ఫోన్లో చుక్క రాలేదు. చుట్టూ ఇనుముంటే సిగ్నలు అందదని తేలాక, దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి, పైన పాత సైకిల్ ట్యూబు ముక్క కట్టి, స్టీరింగు ముందరి మీటరు వెనకకు మార్చాడు. అప్పుడు వచ్చింది చుక్క. వీధిలో ఆడవాళ్లు నేను మొగుడి మెడకు గంట కట్టానని ఎగతాళి చేశారు. కట్టాను, అయితే ఏం?

అప్పటినుంచి నా చేతులు కుట్టుమిషను మీద, కళ్లు ఫోను మీద. చుక్క నడక నాకు అలవాటైంది. కాసేపు ఆగుతుంది, కొంత కడిగాక జరుగుతుంది, నీళ్లు పట్టుకోవడానికి తొట్టి దాకా పోయి మళ్లీ వస్తుంది. ఆగడం కాస్త ఎక్కువైతే నేను కుట్టే జాకెట్టు వంకరపోయేది. రెండు మూడు సార్లు ఫోను చేస్తే తీరిగ్గా టీ తాగుతున్నాడు. ఇంకోసారి చేస్తే ఆ జీపీఎస్‌ను పెరికి పారేస్తానన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం చుక్క ఆగింది. టీ వేళ కాదు, అన్నం వేళా కాదు. తిడతాడేమోనని ఓపిక పట్టాను. కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకీ బయటికీ తిరిగాను. చివరికి ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. మళ్లీ మోగింది.

పార్కు గేటు దగ్గరి సెక్యూరిటీ అతనికి చేసి, లోపల మా బండి ఆగిపోయింది, ఎవరినైనా పంపమని కన్నడంలో బతిమాలాను. ఏ బ్లాకు, నంబరెంత అన్నాడు. నంబరు నాకేం తెలుసు? పటంలో ఉన్నది బూడిద రంగు పరుపు, దాని మీద ఒక చుక్క. కాని అక్కడ దారి ఒక పెద్ద రాతిగుండును చుట్టి వంపు తిరుగుతుంది. ఆ వంపు నాకు తెలుసు. పార్కుకు లీజుకివ్వక ముందు అది మా చేనే. అందులో శెనక్కాయ పీకి పీకి నా నడుము విరిగింది. నక్కలగుండు చేను సార్ అన్నాను. అతను ఎక్కడినుంచో వచ్చినవాడు, చేను పేర్లు అతనికి తెలియవు. నంబరు చెప్పమని మళ్లీ అడిగాడు. నాకు ఒళ్లు మండింది. మా చేనుకు వాళ్లు నంబరు పెట్టుకుని, దాన్ని నేను అప్పజెప్పాలట.

మా ఊళ్లో ఎవరూ ఆ నంబర్లు నేర్చుకోలేదు. ప్లేట్ల కింద ఉన్నా చౌడు చేను చౌడు చేనే, గుండు చేను గుండు చేనే. నంబరు కోసం వాదిస్తూ కూర్చుంటే అక్కడ ఆయన ప్రాణం పోతుంది. పార్కులోనే గడ్డి కోస్తున్న తోడికోడలికి చేశాను.

"అక్కా, నక్కలగుండు చేలో బండి నిలబడిపోయిండాది. ఫోను చేస్తే ఎత్తల్యా."

"గుండుకు ఈ పక్కనా, ఆ పక్కనా?"

"ఆ పక్క. మనం కాయ కుప్పేస్తాంటిమే, ఆడ."

"పోతాండా," అని పెట్టేసింది.

ఆ తర్వాత నేను చేయగలిగింది ఏమీ లేదు. చుక్కను చూస్తూ, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. కొంతసేపటికి చుక్క కదిలింది. అమ్మయ్య అనుకున్నాను. మరుక్షణమే ఇంకో అనుమానం. బండి కదిలింది సరే, తోలుతున్నది ఎవరు? ఆయన కూర్చుని వస్తున్నాడా, పడుకోబెట్టి తెస్తున్నారా? చుక్క ఎప్పటిలాగే నింపాదిగా గేటు వైపు జరుగుతోంది. అక్కకు చేస్తే ఎత్తలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా గేటుకు పరుగెత్తాను.

ట్రాక్టరు వచ్చింది. స్టీరింగు పట్టుకున్నది ఇంకో ట్యాంకరు డ్రైవరు. మా ఆయన పక్కన మడ్‌గార్డు మీద ఉన్నాడు, పడకుండా అక్క ఆయన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది. అందుకే ఫోను ఎత్తలేకపోయింది. ఆయన ముఖం పాలిపోయింది, మూతికి బెల్లం అంటుకుని ఉంది. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాడు.

నన్ను చూసి నీరసంగా అన్నాడు, "ఈ ఎండలో ఎందుకొచ్చినావే? ఫోన్లో కనపడతాండాది కదా."

"బండి కనపడతాండాది. నువ్వు కనపడల్యా," అన్నాను. సెక్యూరిటీ అతని ముందే ఏడ్చేశాను.

ఇకనైనా పని మానతాడనుకున్నాను, మానలేదు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి నేనూ గడ్డి కోసే గుంపులో చేరాను. ఆయన ఏ చేలో కడుగుతుంటే ఆ చుట్టుపక్కలే కోస్తాను. మధ్య మధ్య ఒక కేక వేస్తాను, ఆయన విసుక్కుంటూ పలుకుతాడు. పలకడం కాస్త ఆలస్యమైతే, బెల్లం ముడి కొంగున ఉందో లేదో తడుముకుంటూ అప్పటికే పరుగెత్తుతుంటాను.