ఎనెలెసి టీచరు ‘అపోజ్’ పాఠం

మా ఎనెలెసి టీచరుకు భయం ఎక్కువ. గాలికి తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడేది. మా ఊరి పక్క సరస్సు మీద ఉరిమితే చేతిలో సుద్దముక్క జారిపోయేది. మేం పిల్లలం వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఆమె తమ్ముడు ఒకసారి బస్సెక్కబోతూ, పార్టీ కార్డు చూపించమన్న ఎర్ర చొక్కాల పార్టీ కుర్రాళ్ళతో నవ్వులాటకు ఏదో అన్నాడట. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్ళు లేరు. ఈ సంగతి మాకప్పుడు తెలియదు. తెలిసిన పెద్దలు పైకి అనేవాళ్ళు కాదు. ఆ రోజుల్లో మా మలావీలో దేశానికంతా ఒకే పార్టీ. గోడలకు చెవులుంటాయన్నది ఉత్త సామెత కాదు.

వానలింకా మొదలు కాలేదు. ఇంగ్లీషు పాఠంలో ‘అపోజ్’ అనే మాట వచ్చింది. ఎదురు నిలవడం, వద్దనడం. పుస్తకంలో ఉంది గనక చెప్పక తప్పదు. టీచరు దాన్ని బోర్డు మీద రాసి, ఒకసారి కిటికీ వైపు చూసి, గబగబా చెప్పేసింది.

“మన జట్టు మొన్న పక్కూరి జట్టుకు ఎదురు నిలబడిందా లేదా? అదీ అపోజ్. కూరలో ఉప్పెక్కువైతే మా అత్త వద్దంటుంది. అదీ అపోజే. బంతాటలూ కూరలూ చాలు, అంతకుమించి పోకండి. ఏదీ, మీరు తలా ఒక వాక్యం చెప్పండి.”

ఎవరో చన్నీళ్ళ స్నానాన్ని అపోజ్ చేశారు. మరొకరు మేకను అపోజ్ చేశారు. నవ్వులు. అప్పుడు టియోంగె లేచింది. జాలరి లాబాని కూతురు. తరగతిలో ఇంగ్లీషు దానికే బాగా వచ్చు. గర్వంగా తలెత్తి చెప్పింది.

“మై ఫాదర్ అపోజెస్ ద పార్టీ.”

నవ్వులు ఆగిపోయాయి. ముందు బల్ల మీద కూర్చున్న జిలివె మెల్లగా వెనక్కి తిరిగింది. ఆ పిల్ల తండ్రి గ్వాజా మా ఊరి పార్టీ పెద్ద. టీచరు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“తప్పు!” అని అరిచింది. ఆమె అరవడం మేమెప్పుడూ వినలేదు. “ఏ పార్టీ? సగం వాక్యం చెప్పి ఊరుకుంటావేం? మీ నాన్న చర్చికి పోయే మనిషి. బీరు తాగే పార్టీలు ఆయనకు గిట్టవు. అదేగా నువ్వనేది?”

“అది కాదు టీచర్, ఆ కార్డుల...”

“బీరు పార్టీ! నోరు మూసుకుని కూర్చో!”

ఆ తర్వాత గంట కొట్టేదాకా తరగతి మొత్తం చేత ‘మై ఫాదర్ అపోజెస్ ద బీర్ పార్టీ’ అని వల్లె వేయించింది. మా గొంతులు బొంగురుపోయాయి.

బడి వదిలాక ఆమె ఏం చేసిందో చాలా ఏళ్ళ తర్వాత తనే నాకు చెప్పింది. ఇంటికి పోలేదు. ఒడ్డుకు వెళ్ళింది. లాబాని పడవ బోర్లించి చిల్లులు పూడుస్తున్నాడు.

“అన్నా, నీ కూతురు బళ్ళో నోరు జారింది” అని జరిగింది చెప్పింది.

లాబాని ముందు నవ్వాడు. “రాత్రి మా ఆవిడతో గొణుక్కున్న మాటది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేంత చదువొచ్చిందా దీనికి!” అంతలోనే నవ్వు పోయింది. “ఎవరు విన్నారు?”

“గ్వాజా కూతురు.”

అతను చేతిలోది కింద పెట్టేశాడు.

“కాసిని చేపలియ్యి అన్నా. ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే చూపించడానికి ఉండాలిగా.”

చేపలు అందుకుంది గానీ సగం ఇసకలో పడ్డాయి. లాబాని వంగి ఏరి ఇచ్చాడు.

“నీకే కాలూ చెయ్యీ ఆడట్లేదు. నువ్వెందుకొచ్చావమ్మా?”

“రాకపోతే నాకు కూడెలా దిగుతుంది?”

తెల్లారేసరికి ఒడ్డున అతని పడవ లేదు. సరస్సు అవతలి గట్టు వేరే దేశం. అక్కడ అతనికి మేనమామలున్నారు. ‘చేపలకు పోయాడు’ అంది భార్య, అడిగినవాళ్ళందరితోనూ.

ఆ పూటే గ్వాజా ఇద్దరు ఎర్ర చొక్కాల కుర్రాళ్ళను వెంటబెట్టుకుని బడికొచ్చాడు. అరిచే మనిషి కాదు. మెత్తగా మాట్లాడేవాడు. ఊరు దడిచింది ఆ మెత్తదనానికే.

“టీచరమ్మా, నిన్న పాఠం భలే చెప్పారటగా. మాకూ వినాలనిపించింది.” కూతురి వైపు తిరిగాడు. “నువ్వు లే తల్లీ. టియోంగె ఏమందో మళ్ళీ చెప్పు.”

జిలివె లేచింది. తండ్రిని చూసింది, టీచరును చూసింది. నా పక్కన టియోంగె తల దించేసింది.

“బీరు పార్టీ అంది నాన్నా.”

“ఇంట్లో అలా చెప్పలేదే?”

“నాకు సరిగ్గా వినపడలేదు. టీచరు దిద్దాక తెలిసింది.”

గ్వాజా కూతుర్ని చాలాసేపు చూశాడు. ఎర్ర చొక్కాలు అతన్నే చూస్తున్నాయి. వాళ్ళ ముందు సొంత బిడ్డను అబద్ధాలకోరు అనలేకపోయాడేమో, టీచరు మీదికి తిరిగాడు.

“సరే. మరి మీరు దేన్ని అపోజ్ చేస్తారు టీచరమ్మా? మీ నోట ఒక వాక్యం విందాం.”

ఆమె చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టి చెప్పింది.

“ఐ... ఐ అపోజ్... నాయిస్. అల్లరి, బాబూ. పిల్లల అల్లరి.”

కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. గ్వాజా నవ్వలేదు.

“మంచిది. అల్లరి మాకూ గిట్టదు” అని వెళ్ళిపోయాడు.

టీచరు బల్ల పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె కాళ్ళ దగ్గర నేల తడిసింది. మాకందరికీ కనిపించింది. జిలివె లేచి, మూలనున్న నీళ్ళ బిందె తెచ్చి, పొరపాటున అన్నట్టుగా ఆమె ముందు ఒంపేసింది.

“అయ్యో, చేయి జారింది టీచర్” అంది.

ఎవరూ నవ్వలేదు. అందరం కలిసి నేల తుడిచాం.

వానలు పడగానే టీచరును ఉత్తరాన కొండల్లోని బడికి మార్చారు. కారణం చెప్పలేదు, ఆమె అడగలేదు. లాబాని క్షేమంగా చేరాడని ఎండుచేపలమ్మే ఆవిడ కబురు తెచ్చింది. మరుసటి ఎండాకాలం టియోంగెనూ తల్లినీ అవతలికి పిలిపించుకున్నాడు. జిలివె ఆ రోజు గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

చాన్నాళ్ళకు దేశంలో వేరే పార్టీలు కూడా వచ్చాయి. మొదటి ఓట్ల నాడు ఎనెలెసి టీచరును చూడ్డానికి కొండలెక్కి వెళ్ళాను. జుట్టు పూర్తిగా నెరిసింది. ఓటు వేసే బడి గుమ్మం దాకా పోయి వెనక్కొచ్చేసింది. నీళ్ళు తాగింది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి లోపలికి పోయి, వేసి వచ్చింది.

ఇంటికొచ్చాక అడిగాను, ఎవరికి వేశారు టీచర్ అని.

లేచి తలుపు గడియ పెట్టింది. “పక్కింటివాళ్ళు వింటారు. ముందు ముద్ద తినవే, చల్లారిపోతోంది” అంది.