ఎడమ గ్లవ్‌లో లవంగం

పోయిన నవంబరు రెండో మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు ఇది మొదలైంది. దయ్యాలను, ఆత్మలను నేను ఏనాడూ నమ్మలేదు. ఆసుపత్రి ల్యాబులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. సీసా మీద పేరు, తేదీ, గంట లేనిదే ఏ నమూనానూ ముట్టుకోని మనిషిని. ఇదీ అలాగే రాస్తున్నాను.

లండన్ శివార్లలోని స్టాన్‌మోర్‌లో మా అమ్మాయి సునీత దగ్గర ఉంటాను. మా వీధిలోనే ఉండే విమల, వరంగల్ నుంచి వచ్చినామె, లైబ్రరీ నుంచి ఒక ఇంగ్లీషు ప్రేమ నవల తెచ్చి ఇచ్చింది. "మస్తుంటది అక్కా, సదువు. ఏడుపొస్తే మాత్రం నన్ను తిట్టకు" అంది.

నవల ఎలా ఉందో ముందు చెప్పేస్తాను. ఈ కాలం కథ, లండన్‌లోనే జరుగుతుంది. ఆమె తెల్లవారకముందే డ్యూటీకి పోయే నర్సు. అతను తాళాలు బాగుచేసేవాడు. ఫోనులో ఒక మెసేజ్‌కి జవాబు రాలేదని ఇద్దరూ మూడు అధ్యాయాలు అలుగుతారు. అతను మాటిమాటికీ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఆమె అతన్ని పేజీ నిండా పేరుపెట్టి పిలుస్తుంది. మావారి పేరు నేను ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో ఒక్కసారీ పైకి అనలేదు. డాక్టరు క్లినిక్‌లో అడిగినా కాగితం మీద రాసి చూపించేదాన్ని. అయినా రచయిత్రి చెయ్యి తిరిగిన మనిషి, చదివిస్తుంది. బయట వాన, లోపల హీటింగ్. హాయిగానే చదువుతున్నాను.

అప్పుడు వచ్చింది ఆ పేజీ. ఆమె నిద్ర లేవకముందే అతను ఆమె గ్లవ్స్‌ని హీటింగ్ రేడియేటర్ మీద వెచ్చబెడతాడు. ఎడమ గ్లవ్ బొటనవేలిలో ఒక లవంగం వేస్తాడు. బస్సులో అది వేలికి తగిలితే ఆమె తీసి నోట్లో వేసుకుంటుంది. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోరు.

పుస్తకం మూసేశాను. అది నాది.

మేం లండన్‌లోనే ఇల్ఫర్డ్‌లో ఉన్న రోజుల్లో ఒక చలికాలం నాకు పన్ను నొప్పి చేసింది. డెంటిస్టు అపాయింట్‌మెంట్ దొరకలేదు. మరునాడు పొద్దున బస్సులో గ్లవ్ తొడుక్కుంటే బొటనవేలికి లవంగం తగిలింది. తరువాత ఆ పన్ను పీకించుకున్నాను. లవంగం మాత్రం ఆగలేదు. చలికాలం వచ్చిందంటే వెచ్చటి గ్లవ్స్, ఎడమదానిలో లవంగం. మావారికి పొగడ్త చేతకాదు. కూర బాగుంటే ఇంకాస్త వడ్డించుకునేవారు, అంతే. ఆయన నాతో ఒక్కసారీ అనని మాటలన్నీ ఆ లవంగంలో ఉన్నాయనుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే అది అందరిదీ అయిపోతుందని.

ఇప్పుడు అది ఎవరో నర్సు గ్లవ్‌లో ఉంది. లేని మనిషి మీద అసూయ ఏమిటని మీరు నవ్వవచ్చు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. పైగా ఆమెకు లవంగంతో పాటు మాటలూ దక్కాయి. అతను రోజూ ప్రేమిస్తున్నానని చెబుతాడు.

తరువాత ఇంకో ఆలోచన పట్టుకుంది. ఈయన ఇంకెవరి గ్లవ్‌లోనైనా వేశారా? ఆయన పనిచేసిన ఉత్తరాల డిపోలో ఆడవాళ్లూ ఉండేవారు. పుస్తకం వెనక రచయిత్రి ఫోటో చూశాను. మా సునీతకంటే చిన్నది. ఆమె తల్లి ఎవరో, ఎక్కడ పనిచేసిందో కనుక్కోమని సునీతను అడిగాను. ఎందుకని అడిగితే చెప్పాల్సి వచ్చింది. అలా లవంగం సంగతి మొదటిసారి నా నోరు దాటింది.

"నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడా అమ్మా అనుమానం? ఈ పుస్తకం ఇచ్చిన విమలాంటీని అనాలి" అంది సునీత.

మా మనవరాలు మీర ఫోనులోంచి తలెత్తకుండానే, "అమ్మమ్మా, ఆర్ యూ జెలస్ ఆఫ్ ఎ బుక్?" అంది.

"ఆఁ, అయితే ఏంటే?" అన్నాను.

మరునాడు పొద్దున నా బీరువాలోని బిస్కెట్ల డబ్బా తీశాను. ఆ గ్లవ్స్ అందులో ఉంటాయి. ఆఖరి చలికాలంలో, ఆయన్ను ఆసుపత్రిలో చేర్చిన రోజు పొద్దున కూడా ఆయన లవంగం వేశారు. ఆ రోజు నేను డ్యూటీకి పోలేదు. దాన్ని అలాగే ఉంచేశాను. ఆయన ఆగస్టులో పోయారు. ఏటా ఆబ్దికం నాడు, బ్రాహ్మణుడికి స్వయంపాకం ఇచ్చి వచ్చాక, గ్లవ్ బొటనవేలిని పైనుంచి నొక్కి చూసుకుంటాను. గట్టిగా తగులుతుంది. ఒకసారి వాసన చూసి, డబ్బా మూసి, దారం కట్టి ముడి వేస్తాను. ఆ ఏడాది ఆగస్టులో కూడా లవంగం ఉంది.

ముడి నేను వేసినట్టే ఉంది. గ్లవ్‌లో లవంగం లేదు.

తిరగేసి చూశాను. చిరుగు లేదు. పొడిగా రాలిపోయిందనుకుంటే పొట్టు కూడా లేదు. లవంగం వాసన అసలే లేదు. ఉత్త ఉన్ని వాసన.

ఆ పుస్తకం ఇక నా గదిలో ఉండకూడదనిపించింది. అప్పుడే విమల ఇంటికి తీసుకెళ్లాను. ఆమెకు ఏమీ చెప్పలేదు. ఊరికే పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏందక్కా, బగారన్నం ముంగట పెట్టుకొని సదివినవా? లవంగాల వాసనొస్తుంది."

అదే పేజీ. ఆ పుస్తకం మా వంటింటి గడప తొక్కలేదు. నేనూ వాసన చూశాను. ఏటా ఆగస్టులో చూసే వాసనే.

ఇంకో వారం ఉంచుకుంటానన్నాను. "ఎట్లక్కా? దానికోసం ఇంకెవరో పేరు రాయించుకున్నరు. ఇయ్యాల వాపస్ ఇయ్యాలె" అంది విమల. ఇద్దరం లైబ్రరీకి వెళ్లాం. ఇచ్చిన కాసేపటికే ఎర్రకోటు వేసుకున్న ఒక అమ్మాయి వచ్చి తీసుకుంది. సంచిలో వేసుకుని, ఎడమచేతి గ్లవ్ సరిచేసుకుంటూ వెళ్లిపోయింది. నేను ఆ చేతినే చూస్తూ నిలబడ్డాను.

తరువాత ఆ నవల కొని చూశాను. లవంగం కథ అందులోనూ ఉంది. వాసన లేదు. పన్ను నొప్పికి లవంగం ఎవరికైనా తడుతుంది, ఒప్పుకుంటాను. ఆబ్దికం నాడు నేనే ఎక్కడో పడేసుకుని ఉంటానని సునీత అంటుంది. మరి ఎడమ బొటనవేలు ఎలా తట్టింది? ఆ పేజీకి వాసన ఎలా పట్టింది? నాకు తెలియదు.

పోయినవి ఇవి. లవంగం ఒకటి. గ్లవ్‌లోని వాసన. నాకు ఒక్కదానికే తెలిసిన సంగతి ఒకటి.

గ్లవ్స్ రెండూ ఉన్నాయి.