మొహంలో పసుపు

ఆ రోజు నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కి, పాడైపోయిన ఫిల్మును ఒళ్లో పెట్టుకుని నాలో నేనే తిట్టుకుంటున్నాను. టీషర్టుల మీద అద్దడానికి ప్రింటు తీసిన చంటిపిల్లాడి ఫొటో అది. మా ప్రింటర్లో ఎరుపు ఇంకులోకి పసుపు చేరి, పిల్లాడి మొహమంతా పసుపుగా వచ్చింది.

పక్క సీట్లో ఉన్న పెద్దావిడ దాన్ని చూసి కంగారుపడింది. "బిడ్డకి కామెర్లా నాయనా?"

"బిడ్డ బాగానే ఉన్నాడమ్మా. రోగం మిషన్‌ది. వాడేసిన ఇంకు కిందికి పోకుండా నిలబడిపోయి, మళ్ళా పైకి ఎక్కుతంది. పైపు కడిగి, కలిసిన ఇంకంతా లాగేస్తే రంగు మామూలుగా వస్తది."

"లాగేస్తే పోద్దా?" అని, సంచిలో ఏదో వెతికింది. తర్వాత తన ఫోన్ నా చేతిలో పెట్టింది. అందులో ఒక ఫొటో. ఆసుపత్రి మంచం మీద ఆవిడ భర్త. కళ్ళు కూడా పసుపే.

"పోయే ముందురోజు తీశాం. ఈయనకి కూడా తీసెయ్యి నాయనా."

ఫోన్‌లోనే ఫొటోకి పసుపు తగ్గించాను. మొహం తేటపడింది. ఆవిడ నవ్వి, తెర మీద ఆ చెంపని వేలితో నిమిరింది. నిమురుతూ నిమురుతూ ఆగిపోయింది.

"వద్దులే నాయనా, ముందు ఎట్టుందో అట్టనే పెట్టు. ఇంత బాగున్న మనిషి ఎందుకు పోయాడా అనిపిస్తంది."

ఆవిడ చూస్తుండగానే, ఆ మొహంలోకి పసుపు మళ్ళీ నా చేత్తోనే ఎక్కించాను.