జోగయ్య తల ఊపాడు

గవ్వలపేట జోగయ్య మాట్లాడటం తక్కువ. ఇసక మీద చేపలు కొనేవాడికి మాటలతో పెద్దగా పని లేదు. పడవ ఒడ్డుకి వస్తుంది. గంగులు బుట్ట పక్కన నిలబడి వేలం పాట మొదలుపెడతాడు. కావలసినవాడు తల ఊపుతాడు. ఇంకా కావలసినవాడు ఇంకోసారి ఊపుతాడు. గంగులు మూడోసారి అనేసరికి చేప ఎవరిదో తేలిపోతుంది. నలభై ఏళ్లుగా జోగయ్య ఇలా తల ఊపుతూనే బతికాడు. ఇల్లు కట్టాడు. కొడుక్కి పెళ్లి చేశాడు. పెళ్లిచూపుల్లో కూడా తలే ఊపాడని, అది తనని ఒప్పుకోవడమో ఈగని తోలడమో ఇప్పటికీ తెలియలేదని అతని భార్య తాతమ్మ చెబుతుంది.

ఇసక మీద నియమం ఒక్కటే. ఊపిన తల వెనక్కి రాదు. పాట తన మీద నిలిచాక వద్దన్నవాడు ఏడాది పాటు పాటలోకి రాకూడదు. జోగయ్య తండ్రి మీద ఒకసారి కుళ్లిపోయిన కవళ్ల చేపల బుట్ట నిలిచింది. ఆయన దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చి పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాడు. ఆ చెట్టు ఇప్పటికీ కాస్తోంది.

పాటలో జోగయ్యకి పోటీ ధనరాజు. తాతమ్మకి తమ్ముడు. ఒకరు తల ఊపిన చేప రెండోవారికి అక్కర్లేకపోయినా కావలసి వస్తుంది. ధనరాజు ఒక మెట్టు ఎక్కితే జోగయ్య రెండుసార్లు తల ఊపి రెండు మెట్లు ఎక్కుతాడు. అక్కడితో పాట ముగుస్తుంది. వేసవిలో రెండు నెలల వేట నిషేధం తర్వాత ఒడ్డుకి వచ్చే మొదటి బుట్ట పదకొండేళ్లుగా అలాగే జోగయ్య ఇంటికి వెళ్తోంది.

ఊరి బడి అతని ఇంటికి మూడు గడపల అవతల ఉంది. అక్కడ జరిగిన ఏ మీటింగుకీ అతను వెళ్లలేదు. కొడుకూ కోడలూ చెన్నై రేవులో పని చేస్తారు. వాళ్ల పిల్లాడు బాబీ తాత దగ్గరే ఉంటూ, కోటబొమ్మాళి వైపు నుంచి వచ్చే పసుపు వ్యాను ఎక్కి కాన్వెంటుకి వెళ్లేవాడు. ధనరాజు మనవరాలు శ్రావణిదీ అదే వ్యాను. ఊరి బడి గురించి చెప్పడానికి అక్కడి ఉష టీచరు ఇంటికి వచ్చినప్పుడు జోగయ్య ఆమెకి కుర్చీ వేశాడు. టీ ఇప్పించాడు. చెప్పిందంతా విని వల కుట్టుకున్నాడు.

ఆమె చెప్పింది చిన్న సంగతే. మూడు, నాలుగు, అయిదు తరగతులకి కలిపి ఇరవై మంది పిల్లలు ఉండాలి. లేకపోతే ఆ మూడు తరగతులూ గెడ్డ అవతలి ఊరి బడికి వెళ్లిపోతాయి. జూన్ పదహారు పొద్దున్న పది గంటలకి లెక్క పంపాలి. ఉన్నది పద్నాలుగు మంది. గెడ్డకి వంతెన లేదు. వానాకాలంలో అందులో నడుము లోతు నీళ్లు. నడుమంటే పెద్దవాళ్ల నడుము.

ఇంటింటికీ తిరిగి అలసిపోయి ఉష టీచరు గంగులుని అడిగింది. ఊళ్లో అందరూ వినే గొంతు అతనిదే. గంగులు వెంటనే ఒప్పుకున్నాడు. వేట నిషేధం వల్ల యాభై రోజులుగా పాట లేదు. ఇంట్లో భార్య కూర వడ్డిస్తుంటే రెండోసారి, మూడోసారి అంటున్నాడని అప్పటికే ఊళ్లో చెప్పుకుంటున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. లాగి పెట్టిన పడవల నీడలో మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. జోగయ్య కూర్చునే నిద్రపోతున్నాడు. గంగులు మధ్యలో నిలబడి చదువు విలువ గురించి రెండు వాక్యాలు చెప్పాడు. ఎవరూ తల ఎత్తలేదు. మూడో వాక్యం అతనికి రాలేదు. దాంతో తనకి వచ్చిన పని మొదలుపెట్టాడు. బడిలో ఆరు సీట్లు ఖాళీ అన్నాడు. ఎవరు ఎందరిని తెస్తారో పాడుకోమన్నాడు.

జోగయ్య తల నిద్రలో కిందికి వాలి పైకి లేచింది.

"జోగయ్య బావ, ఒకటి" అన్నాడు గంగులు.

ధనరాజు మెలకువగానే ఉన్నాడు. నిద్రపోతున్న బావ వైపు కాసేపు చూశాడు. తర్వాత నెమ్మదిగా తల ఊపాడు.

"ధనరాజు, రెండు."

ఆ పేరు చెవిన పడగానే జోగయ్యకి మెలకువ వచ్చింది. కళ్లు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. తల ఊపాడు. మూడు. ధనరాజు మళ్లీ ఊపాడు. నాలుగు. జోగయ్య అలవాటు ప్రకారం రెండుసార్లు ఊపాడు. ఆరు. ధనరాజు వల చేతిలోకి తీసుకున్నాడు. గంగులు మూడోసారి అన్నాడు.

అప్పుడు జోగయ్య అడిగాడు. "సేప ఏదిరా?"

"సేప కాదు బావా. పిల్లలు. ఆరుగురిని బడిలో ఎయ్యాల నువ్వు" అన్నాడు గంగులు.

జోగయ్య సముద్రం వైపు చూశాడు. ఒక్క పడవ లేదు. నిషేధం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అతని ఇంట్లో ఉన్న పిల్లాడు ఒక్కడే.

"నిద్దట్లో ఊపీసినానని సెప్పీ బావా" అన్నాడు ధనరాజు. "ఏటయిపోతాది? ఓ ఏడు ఇంటికాడ కూకుంటావు, అంతే కదా."

జోగయ్య లేచి పంచెకి అంటిన ఇసక దులుపుకున్నాడు. ఆరే కదా అన్నాడు. నేరుగా బడికి వెళ్లాడు. వేసవి సెలవులు. బడికి తాళం వేసి ఉంది. తాళాన్ని కాసేపు చూసి ఇంటికి వచ్చాడు.

బాబీ మొదటివాడు. జోగయ్య కొడుక్కి ఫోన్ చేసి సంగతి చెప్పాడు. అడగలేదు. ఇక బాబీ ఒప్పుకోవడానికి వ్యాను కిటికీ పక్క సీటు పోతుందన్న ఒక్క దిగులే అడ్డం వచ్చింది. మంచినీళ్లు తెచ్చే బండిలో రోజుకోసారి ముందు కూర్చోబెడతానని చెప్పాక అదీ తీరింది.

సోములు గుజరాత్ బోట్ల మీద పని చేసి భార్యా పిల్లలతో ఊరికి వచ్చాడు. ఆగస్టులో మళ్లీ వెళ్తాడు. ఆ రాకపోకల్లో పిల్లలిద్దరి పేర్లూ రెండేళ్ల కిందటే బడిలోంచి పోయాయి. నువ్వెళ్లు, పిల్లలు నా ఇంట్లో ఉంటారని జోగయ్య చెప్పాడు. తాతమ్మకి ఆ సంగతి నాలుగు రోజుల తర్వాత సోములు భార్య ద్వారా తెలిసింది. ఆవిడ పెద్ద గిన్నె అటక మీంచి దించి జోగయ్య చేత తోమించింది.

అమ్మడు అనే ఆవిడ పొద్దున్నే చేపల బుట్టతో ఊళ్లమ్మట తిరుగుతుంది. చంటిపిల్లని చూసుకోవడానికి పెద్ద కూతురిని ఇంట్లో ఉంచింది. చంటిదాన్ని నేను చూస్తానన్నాడు జోగయ్య. మర్నాటి నుంచి ఆ పిల్ల అతని భుజం మీదే ఉంది. రెండేళ్లది. చెవులు పట్టుకుని కూర్చుంటుంది. ఏ చెవి లాగితే అటు వెళ్లాలి.

పేటలోనే ఉండే రాణి తన కొడుకుని కాన్వెంటు మాన్పించి పంపడానికి ఒకటే అడ్డు చెప్పింది. కాన్వెంటులో మెడకి టై కడతారు, ఇక్కడ ఏం కడతారు అంది. జోగయ్య శ్రీకాకుళం బస్సెక్కి వెళ్లి టై కొనుక్కొచ్చాడు. కట్టడం ఇద్దరికీ రాలేదు. చివరికి జోగయ్య తనకి వచ్చిన ముడే వేశాడు. వల తాడుకి వేసే ముడి. ఎంత లాగినా ఊడదు. స్నానానికి కూడా విప్పడం కుదరక రెండో రోజు కత్తిరించారు. కానీ అప్పటికి పేరు రాయించేశారు.

అయిదుగురయ్యారు. మిగిలింది శ్రావణి ఒక్కతే.

జోగయ్య ధనరాజు ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. చంటిది భుజం మీద ఉంది. ధనరాజు ఎందుకొచ్చావని అడగలేదు. తనే అన్నాడు.

"పంపుతాను. మొదటి బుట్ట నాకు ఒదిలీయాల. నాను పాడినప్పుడు నీ తల కదలకూడదు."

"సరే."

"కంటిరెప్ప కూడా."

"సరేనన్నాను కదరా."

పదిహేనో తారీఖు మధ్యాహ్నం మొదటి పడవ ఒడ్డుకి వచ్చింది. బుట్టలో పెద్ద వంజరం చేప. పేట అంతా చుట్టూ మూగింది. గంగులు ఎప్పటికన్నా గట్టిగా పాట మొదలుపెట్టాడు. ధనరాజు తల ఊపాడు. అందరూ జోగయ్య వైపు చూశారు. జోగయ్య మెడ బిగించి నిలబడి ఉన్నాడు. చంటిది ఒక చెవి లాగింది. తల కదల్లేదు. రెండో చెవి లాగింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. గంగులు రెండోసారి అన్నాక ఎన్నడూ ఆగనంతసేపు ఆగాడు. చివరికి మూడోసారి అన్నాడు.

ధనరాజుకి చేప బాగా తక్కువలో వచ్చింది. దాని పక్కన నిలబడ్డాడు. మూగినవాళ్లు అప్పటికే ఇళ్లకి మళ్లారు. కాసేపటికి బావ వైపు తిరిగాడు.

"ఒక్కసారి ఊపితే ఏటి పోయింది బావా?"

జోగయ్య పలకలేదు. ఒప్పందంలో మాట్లాడటం గురించి ఏమీ లేకపోయినా, అతను రిస్కు తీసుకోలేదు.

సాయంత్రం ఆ చేపలో సగం తాతమ్మ ఇంటికి వచ్చింది.

మర్నాడు తొమ్మిదిన్నరకి ఆ మూడు తరగతుల్లో పంతొమ్మిది మంది ఉన్నారు. పావు తక్కువ పదికీ పంతొమ్మిది మందే. జోగయ్య గేటు దగ్గరే నిలబడ్డాడు. పదికి అయిదు నిమిషాలుందనగా ధనరాజు శ్రావణి చెయ్యి పట్టుకుని వచ్చాడు. రెండో చేతిలో కాన్వెంటు వాళ్లిచ్చిన టీసీ కాగితం ఉంది. గేటులో ఆగాడు.

"రేపట్నుంచి ఊపుతావు కదా?"

"ముందు పిల్లని లోపలికి ఎల్లనీ."

"ఊపుతావా నేదా సెప్పు."

"ఊపుతాన్రా."

శ్రావణి లోపలికి వెళ్లింది. ఉష టీచరు ఇరవై పేర్లూ చదివింది. లెక్క పంపింది.

తర్వాత, ఎలాగూ వచ్చారు కదా అని, తల్లిదండ్రుల కమిటీకి పెద్దగా ఎవరుంటారని అడిగింది. గదిలో పదిహేను మంది దాకా ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. ధనరాజు మెడ బిగించుకున్నాడు. అది చూసి జోగయ్య కూడా బిగించుకున్నాడు. నిన్నటి నుంచి అలవాటైన పనే. భుజం మీది చంటిదానికి విసుగొచ్చింది. ఈసారి రెండు చెవులూ ఒకేసారి పట్టుకుని కిందికి లాగింది.

ఉష టీచరు అతని పేరు రాసుకుంది.

జోగయ్య నోరు తెరిచాడు. గది అంతా చూసి మూసుకున్నాడు.