యాడికి అని అడిగిన పిల్ల

అది ఆదోనిలో పిల్లల కౌన్సెలర్‌గా నా ఉద్యోగంలో చివరి సంవత్సరం. సరిహద్దులో కాల్పులు పెరిగి, సెలవు మీద ఊళ్లకొచ్చిన జవాన్లను ఉన్నపళంగా వెనక్కి పిలిచిన రోజులవి. అలాంటి ఇళ్లలోని పిల్లల్ని చూడమని మా శాఖ నాకు ఎమ్మిగనూరు కూడా అప్పగించింది. మా పరిభాషలో దాన్ని మానసిక, సామాజిక మద్దతు అంటారు. పేరు పెద్దదే. చేసేది మాత్రం ఇంట్లోవాళ్లతో కూర్చోవడం, పిల్లను గమనించడం, నోరు అదుపులో పెట్టుకోవడం. ఆ చివరిది నాకు ఎప్పుడూ కష్టమే.

భవానికి ఐదేళ్లు. నేతవాళ్ల పిల్ల, తండ్రి జవాను. అతను వెళ్లినప్పటి నుంచి ఫోను కలవడం లేదు. పిల్ల బట్టలు తడుపుకుంటోందని అంగన్‌వాడీ టీచరు కబురు చేసింది.

నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో ఎవరూ ఒకచోట నిలవడం లేదు. టీవీలో బాంబుల చప్పుడు, దాని మీద అరుపులు. తల్లి సుజాత ఫోను పట్టుకుని ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతోంది. అవ్వ నరసమ్మ మగ్గం గుంటలో దిగి నాలుగు పోగులు నేస్తుంది, లేస్తుంది, మళ్లీ దిగుతుంది. నాకు ఒళ్లు మండి ముందు ఆ టీవీ ఆపించాను.

పిల్ల మాట్లాడింది, రంగులిస్తే బొమ్మ వేసింది, అడిగినవాటికి జవాబిచ్చింది. రెండోసారి వెళ్లినప్పుడు గానీ నాకు తట్టలేదు, తను తిరిగి ఒక్క ప్రశ్న కూడా వేయడం లేదని. పెన్సిలు విరిగితే ఇంకోటి ఉందా అని అడగలేదు. దాహమేసినా చెంబు వైపు చూస్తూ కూర్చుంది. అంగన్‌వాడీలో ఒంటికి పోవచ్చా అని కూడా అడగదన్నమాట.

నరసమ్మను పక్కకు పిలిచి, కొడుకు బయల్దేరిన పొద్దు ఏం జరిగిందన్నాను.

“ఆటో వచ్చి నిలబడింది మేడమ్. వాడు గడప దాటినాడు. ఈ పిల్ల ‘యాడికి పోతాండావు నాయనా’ అనె. పోయేటోణ్ని అట్లడుగుతారా ఎవరన్నా? వీపు మీద ఒకటేసినా. కూసోని నీళ్లు తాగి పోప్పా అంటి. ఆదోనిలో రైలు తప్పిపోతాదని పోయినాడు.”

బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగడం అపశకునం. అడిగితే ఆ మనిషి వెనక్కొచ్చి, కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ఆ విరుగుడు జరగలేదు, ఫోను మూగబోయింది. మిగతాది పిల్ల తనే కలుపుకుంది.

నీ తప్పేం లేదని చెప్పడం మా పద్ధతిలో మొదటి మెట్టు. చెప్పాను. తల ఊపింది కానీ నమ్మలేదు. ఆ మాట, కొట్టిన మనిషే చెప్పాలి. అందుకని విరుగుడు ఇప్పుడే చేద్దామన్నాను. పై అధికారికి తెలిస్తే మూఢనమ్మకానికి వంతపాడావంటారని తెలుసు. తర్వాత అన్నారు కూడా. నరసమ్మ ఒప్పుకోలేదు.

“పోయినోడు లేకుండా ఎట్ల మేడమ్?”

“కన్నదానివి నువ్వే గదా. వాని బదులు నువ్వు పో” అన్నాను, కాస్త గట్టిగానే.

ఆమె కొడుకు తువ్వాలు భుజాన వేసుకుని గడప దాటింది. “అడుగే, ఏం కాదు, అడుగు” అంటూ నరసమ్మ పిల్ల వైపు తిరిగింది. చివరికి భవాని గొణిగినట్టు “యాడికి?” అంది. అవ్వ వెనక్కొచ్చి కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ గడప దాటి వచ్చింది.

“అయిపాయ. నువ్వడిగినందుకు ఏం కాలేదు. నేనే ఊరికే కొట్టినా.”

భవాని నా వైపు తిరిగింది. “నాయన యాడుండాడు?”

సుజాత నా ముఖంలోకి చూసింది, బాగున్నాడని చెప్పమన్నట్టు. అలాగే చెప్పేయాలని నాకూ అనిపించింది. నోరు అదుపులో పెట్టుకున్నాను.

“సరిహద్దులో ఉండాడు పాపా. ఫోను కలుస్తా లేదు. అంతకుమించి నాకు తెలీదు.”

“ఎవర్నడిగితే తెలుస్తాది?”

తండ్రి నుంచి ఫోను వచ్చేదాకా నేను వెళ్లిన ప్రతిసారీ ఆ పిల్ల అదే అడిగింది, నేను తెలియదనే చెప్పాను. బట్టలు తడుపుకోవడం మాత్రం మానేసింది. తెలియదని చెప్పడానికి పెద్దవాళ్లు సిద్ధపడిన ఇంట్లోనే పిల్లలు అడగగలుగుతారు. నా ఉద్యోగంలో దీన్ని నేర్చుకోవడానికి చివరి సంవత్సరం దాకా పట్టింది.