పడుగు మీద కరెంటు

ముందు అరచేతుల్లో చీమలు పాకినట్టయింది. గంజి ఆరి చర్మం లాగుతోందేమో అనుకున్నాను. మరుక్షణం మోచేతుల దాకా జుమ్మంది. తలెత్తి చూస్తే, ఎదురింటి పెళ్లికి వీధికి అడ్డంగా కట్టిన సీరియల్ బల్బుల తీగ గాలికి జారి, మేమంతా పట్టుకుని నిలబడ్డ తడి పడుగు మీద వాలి ఉంది. టేపు ఊడిన అతుకు ఒకటి సరిగ్గా తడి నూలును తాకుతోంది. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఆదోనిలో డిగ్రీ మొదటి సంవత్సరం. కరెంటు గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాసి వచ్చి వారం కూడా కాలేదు.

ఆ రోజుల్లో మా కాలేజీ అమ్మాయిలం షాక్ అన్న మాటను ఉప్పు చల్లినట్టు అన్నిట్లోనూ చల్లేవాళ్లం. సెలవులకని ఎమ్మిగనూరులో అవ్వ ఇంటికి వచ్చిన రెండు రోజుల్లోనే (అవ్వంటే మా అమ్మవాళ్లమ్మ) ఆ మాటతో అందరికీ విసుగు తెప్పించాను. అవ్వ కొడుకు, మా మామ మీసం తీసేస్తే షాక్. బొరుగుల ఉగ్గానిలోకి బజ్జీలు చేయకపోతే షాక్. పక్కింటి బర్రె రెండు దూడలను ఈనితే షాక్. ("ఈనిన దానికి లేని షాకు నీకెందుకే?" అంది అవ్వ.) నిజానికి ఆ ఇంట్లో ఉన్న అసలు షాకులు మామ బండి షాకబ్జార్బర్లే. అవీ పాడైపోయి ఏడాదయింది.

అందుకే ఆ తెల్లవారుజామున నేను "షాక్! షాక్!" అని అరిస్తే ఒక్కరూ పట్టించుకోలేదు. "ఇప్పుడేమయ్యింది పాపా, కాకి ఎగిరిందా?" అని అవతలి కొస నుంచి మామ నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయాడు. ఆయన చేతుల్లోనూ చీమలు మొదలయ్యాయి మరి.

నేతగాళ్ల ఇళ్లు తెలియని వాళ్లకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మగ్గం ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటినీ వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, ఎండ ముదిరేలోగా ఆరబెడతారు. దాన్నే పడుగు చాచడం అంటారు. ఎవరి పడుగైనా వీధిలో వాళ్లంతా వచ్చి పట్టాల్సిందే. బిగువు సడలితే వేల పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకుపోతాయి. కాబట్టి అక్కడ పుట్టిన పిల్లలకు మాటలు వచ్చేలోపే నేర్పే పాఠం ఒకటి ఉంది: తేలు కుట్టినా సరే, పడుగు వదలకూడదు.

గంజి కలుపుతున్న అవ్వ చూసింది. "కరెంటు! ఇడ్సండ్రా! అందరూ ఇడ్సండి!" అని అరిచింది. ఎనిమిది మందిమి పట్టుకున్నాం. ఒక్క జత చేతులు మాత్రం వదిలాయి, అవి నావి. మిగతా వాళ్లంతా వణుకుతూ, పళ్లు కొరుకుతూ ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "ఇడిస్తే పడుగు పోతాదమ్మా!" అని మామ కేకేశాడు. మీరు నమ్మరు, ఆ వణుకులోనే పక్కనున్నాయనకు "అన్నా, బిగువు చూస్కో" అని కూడా చెప్పాడు.

అవ్వ గంజి చట్టి పక్కకు నెట్టి, వసారాలోని భోజనాల పీట లాగి వీధిలో వేసి, దాని మీదకెక్కింది. గోడకు ఆనించిన ఎండు వెదురు కర్ర అందుకుంది. "రేయ్! పడుగు పోతే ఇంకోటి సాస్తాను. నువ్వు పోతే నిన్ను యాడ నేసేదిరా? ఇడ్సు!" అంటూ ఆ తీగను కర్రతో లేపి అవతలకు విసిరింది. ఎదురింటి వాళ్లు అప్పటికి పరుగెత్తి స్విచ్ ఆపారు. మామ చేతులు వదిలి అట్లాగే నేల మీద కూలబడ్డాడు. అవ్వ పీట దిగి, కొడుకు చేతులు రెండూ తన కొంగుతో తుడిచి, అవి వెచ్చగా ఉన్నాయని తేల్చుకున్నాకే తిట్లు మొదలుపెట్టింది.

కాళ్ల కింద చెక్క, చేతిలో ఎండు కర్ర. నేను నాలుగు పేజీల్లో రాసింది ఈ రెండు మాటలే. బడి గడప తొక్కని మనిషి నాలుగు క్షణాల్లో చేసి చూపించింది, నేనేమో చేతులు గౌనుకు తుడుచుకుంటూ నిలబడ్డాను. (నైటీ అనాలి. అవ్వ ఊళ్లో అన్నీ గౌన్లే.)

పడుగు మాత్రం చిక్కుపడింది. అదీ నా కొస నుంచే. "ముందు ఎవరిడ్సినారు?" అని మామ గుర్రుమంటే అవ్వ నన్ను వెనకేసుకొచ్చింది. "నా మాట యిన్నది ఈ పిల్లొకతే. సదువుకున్నది కదప్పా, యినకుండా ఎట్లుంటాది?" నిజమేమంటే అవ్వ మాట నాకు వినిపించనే లేదు. భయానికి వదిలాను. మూడు రోజులు అవ్వ పక్కన కూర్చుని పోగులు విప్పాను కానీ, ఆ ఒక్క నిజం చెప్పలేదు. ఆ పొగడ్త అంత బాగుంది మరి.

ఇప్పుడు ఆదోనిలో మాది అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు. ప్రతి ప్లగ్గుకూ నేను అంటించిన టేపు చూసి "వీటికేం దెబ్బలు తగిలినాయి, అన్నిటికీ కట్లు కట్టినావు?" అంటారు మా ఆయన. నిన్న సాయంత్రం మా చిన్నోడు స్నానం చేసి, తడి చేతులతో చార్జింగులో ఉన్న ఫోను పట్టుకున్నాడు. "వదులు!" అని అరిచాను. వాడు ఇంకా గట్టిగా గుండెకు హత్తుకున్నాడు. నేనే స్విచ్ కట్టేసి, ఫోను లాక్కుని అడిగితే, "కింద పడేస్తే తంతానన్నావు కదమ్మా" అన్నాడు. పిల్లలు పడుకున్నాక చాలాసేపు ఆ మాటే చెవుల్లో మోగింది. నేను నేర్పిన పాఠమే అది. అప్పుడే ఆ పడుగు, అవ్వ కేక గుర్తొచ్చాయి. అవ్వ తను నేర్పిన పాఠాన్ని ఒక్క కేకతో తానే కొట్టేసింది. ఆమెకున్న ధైర్యంలో పావువంతయినా నాకుంటే చాలనిపించింది.

పొద్దున టిఫిను దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: "నేను వదులు అని అరిస్తే, చేతిలో ఏదున్నా సరే వదిలేయాలి. ఫోనైనా, గాజు గ్లాసైనా. పగిలితే పగలనీ."

"తిట్టవా?" అంది పెద్దది.

"తిడతాను. కానీ అది తర్వాత. ముందు వదిలేయండి."